పట్టపగలు వెలిగే దీపానికి పొదుపు బిల్లా?

మిట్ట మధ్యాహ్నం వీధిదీపం వెలుగుతుంటుంది. ఆ దీపమే కరెంటు ఆదా చేస్తోందంటూ పురపాలక ఖజానా నుంచి మధ్యవర్తి సంస్థకు, అంటే ఎల్‌ఈడీ దీపాలు తానే బిగించి ఆదా అయిన కరెంటు లెక్కన బిల్లు వసూలు చేసుకునే సంస్థకు, నెలనెలా సొమ్ము జమవుతుంటుంది. ఏడేళ్ల ఎల్‌ఈడీ ఒప్పందాల గడువు ఒక్కో ఊళ్లో తీరుతోంది. కొత్తవి రాసుకునే ముందైనా ఒక ప్రశ్నకు జవాబు కావాలి: ఆదా అయిందని తేల్చేదెవరు?

మధ్యవర్తులే వద్దని ఎవరూ అనరు. 2009లో నాలుగు కేంద్ర విద్యుత్ సంస్థలు కలిసి పెట్టిన ఇంధన పొదుపు సేవల సంస్థ ఈఈఎస్‌ఎల్ కూడా అలాంటి మధ్యవర్తే; దాని టోకు కొనుగోళ్లతోనే ఎల్‌ఈడీ బల్బు సేకరణ ధర 2014లోని రూ.310 నుంచి 2016కల్లా రూ.38కి దిగింది. హుద్‌హుద్ విరుచుకుపడ్డాక విశాఖ వీధులు ఎల్‌ఈడీకి మారిందీ ఆ సంస్థ చేతుల మీదుగానే. పురపాలికలు బకాయిలు పెడితే నిర్వహణ ఎలా సాగుతుందన్న వాదనా ఉంది. కాదనం.

కానీ లెక్క చూడండి. పాత 250 వాట్ల సోడియం దీపం, దాన్ని వెలిగించే చోక్‌తో కలిపి 280 వాట్లు లాగేది. రోజుకు 11 గంటల చొప్పున ఏడాదికి 1,124 యూనిట్లు. దాని చోట పెట్టిన 120 వాట్ల ఎల్‌ఈడీకి 482 చాలు. అంటే కాగితం మీద ఆదా 642. అదే ఎల్‌ఈడీ రాత్రీపగలూ వెలిగితే? 1,051 యూనిట్లు. నికరంగా మిగిలేది 73. బిల్లు మాత్రం 642కే! ఇక మాడిపోయిన దీపం పైసా కరెంటు తాగదు, అదీ ఈ లెక్కలో పొదుపే. వీధి చీకటైనా లాభమే, పగలు వెలిగినా లాభమే. కొలిచే చెయ్యీ బిల్లు రాసే చెయ్యీ ఒకటైతే జరిగేది ఇదే.

దీపాలు పగలెందుకు వెలుగుతాయో లైన్‌మన్‌ను అడిగినా చెబుతాడు. స్తంభానికి బిగించిన నియంత్రణ డబ్బాలో దీపాలను వెలిగించి ఆర్పే స్విచ్చి (కాంటాక్టర్) పాయింట్లు అతుక్కుపోతాయి, లేదా దూరం నుంచి ఆదేశాలు అందుకునే మోడెమ్‌లోని సిమ్ రీచార్జి అయిపోతుంది. ఫిర్యాదుల పోరు పడలేక ఎవరో డబ్బాను తప్పించి వైరు డైరెక్టు చేసేస్తారు. ఆ క్షణం నుంచి డబ్బాలో మీటరు ఉండీ లేనట్టే. న్యూట్రల్ తెగితే 230 వోల్టుల దీపం మీద 400 దాకా పడుతుంది. ఎర్తింగ్ సరిగా లేని చోట పిడుగుల వానకు ఎల్‌ఈడీకి తగినట్టు కరెంటును మార్చి ఇచ్చే డ్రైవర్ పరికరాలు వరసగా పోతాయి. ఇవేవీ అంతుపట్టని రోగాలు కావు, చూసే నాథుడు లేకపోవడమే రోగం.

చేయాల్సిందీ తెలిసిందే. దీపాలు మార్చకముందే వీధిదీపాలకు కరెంటు తెచ్చే ప్రతి లైనుకూ (ఫీడర్) మీటరు పెట్టి పాత వాడకం నమోదు చేయాలి. చెల్లింపు విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) రీడింగ్ మీదే జరగాలి, పగటి యూనిట్లు కోసేయాలి, వెలగని గంటలకు జరిమానా పడాలి. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ గుర్తింపున్న ఎనర్జీ ఆడిటర్‌ను పురపాలిక నియమించాలి. మధ్యవర్తి పిలిచి, మధ్యవర్తే ఫీజు కట్టే ఆడిటర్ పనికిరాడు. బకాయిల గొడవ తేలాలంటే పొదుపు సొమ్ముకు విడి ఖాతా తెరవాలి. బిల్లు రాసేవాడి చేతిలోనే మళ్లీ కొలబద్ద పెడితే, పంపుసెట్ల మార్పిడికీ ప్రభుత్వ భవనాలకూ రేపు ఇదే ఒప్పందం నకలు దిగుతుంది.

జనాన్ని ఫ్యాన్లు ఆపమని ఇంధన పొదుపు దినమైన డిసెంబరు 14న ర్యాలీలు తీసే అధికారులకు ఈ లెక్క రాదనుకోవాలా? కమిషనర్లు కొత్త ఒప్పందంపై సంతకం చేసేముందు తమ ఆఫీసు ఎదుటి స్తంభం దాకా నడిచి, డబ్బా తలుపు తీయించి, లోపల మీటరు పనిచేస్తోందో లేదో కళ్లారా చూడాలి. అదీ పగటిపూట.