ఎడమ మర

బెంచ్ గ్రైండర్ అంటే మోటారు షాఫ్టుకి రెండు చివర్లా సానరాయి ఉండే మెషీన్. పాతది కొనేటప్పుడు చూడాల్సినవి నాలుగు. షాఫ్టుని చేత్తో తిప్పితే గరగరలాడకుండా తిరగాలి. పైకీ కిందికీ ఊపితే ఆడకూడదు. బాడీ రంధ్రాల దగ్గర ముక్కు పెడితే కాలిన వాసన రాకూడదు. నేమ్‌ప్లేటు చదవడానికి వీలుగా ఉండాలి. మా అపార్ట్‌మెంటు 304 ఆయన ఎర్రగడ్డ సండే మార్కెట్లో ఐదోది చూసి కొన్నాడు. రంగు బాగుందట.

ఆకుపచ్చ రంగు. దీని గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మనసొప్పదు. పాత ఇనుముకి రంగు వేయాలంటే ముందు గ్రీజు కడగాలి, తుప్పు గీకాలి, రెడాక్సైడ్ ఒక కోటు పడాలి, ఆ తర్వాతే ఎనామెల్. అమ్మేవాడికి అంత ఓపికెక్కడిది! గ్రీజు మీదే బ్రష్షు లాగించేశాడు. బాడీ మీద వేశాడు, సరే. నేమ్‌ప్లేటు మీద వేశాడు, హార్స్‌పవరూ ఆర్‌పీఎమ్మూ మాయం. కండెన్సర్ డబ్బా మీద వేశాడు, అది ఎన్ని మైక్రోఫారడ్లో మాయం. షాఫ్టు చివర బయటికి కనపడే మరల మీద కూడా వేశాడు. అన్నిటికన్నా ఘోరం, రాయి ఎటు తిరగాలో చెప్పడానికి దాన్ని కప్పే గార్డు మీద పోతపోసిన బాణం గుర్తు ఉంటుంది చూడండి, దాన్ని పుట్టీ పెట్టి మరీ నున్నగా చేశాడు. పైగా "బిల్‌కుల్ నయా జైసా హై సాబ్" అన్నాడట. తుప్పు పట్టిన గ్రైండర్‌ని తుప్పు పట్టినట్టే అమ్మితే కొనేవాడు బాగుపడతాడు. రంగు వేసి అమ్మేవాడికి జరిమానా వేసే చట్టం ఒకటి రావాలి.

సరే, ఇంట్లో పెట్టడానికి 304 ఆవిడ ఒప్పుకోలేదు. బాల్కనీలో తులసికోట, వాషింగ్ మెషీన్ పోగా మిగిలింది బట్టలారేసే చోటు. కాబట్టి సెల్లారు. వాచ్‌మన్ గది పక్కన ప్లగ్గు ఉంది, కానీ గ్రైండర్ వైరు పొట్టిది. వైరు అందాలని మెషీన్‌ని గోడ వైపు తిప్పి పెట్టారు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

రాయి ముందు పనిముట్టుని ఆనించే టూల్ రెస్టులూ, వాటి బోల్టులూ విప్పి నిమ్మ ఉప్పు నీళ్ళలో వేశారు. లీటరు నీళ్ళకి 50 గ్రాములు. కొన్ని గంటలు నానితే తుప్పు వదులుతుంది. వేసి మర్చిపోతే మంచి ఇనుము కూడా మసిబారి గరుకెక్కుతుంది. తీశాక వంట సోడా కలిపిన నీళ్ళలో ఒకసారి ముంచి, వెంటనే ఆరబెట్టి, నూనె రాయాలి. ఆరబెట్టడం కాస్త ఆలస్యమైతే కళ్ళముందే నారింజ రంగు తుప్పు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ఈ భాగం మాత్రం పద్ధతిగానే జరిగింది. చేసింది 304 ఆవిడ.

ఇక నట్టు.

రాయి తీసి చూడనిదే ఆ మెషీన్‌కి కరెంటు ఇవ్వకూడదు. ఆరంగుళాల రాయి నిమిషానికి 2,850 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకి 22 మీటర్లు, అంటే గంటకి 80 కిలోమీటర్లు. పగులున్న రాయి ఆ వేగంలో విడిపోతే ముక్క ఎవరి మొహం మీదికి వస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకని ముందు నట్టు విప్పాలి, రాయి తీయాలి, వేలికి తగిలించి స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో మెల్లగా కొట్టి వినాలి. 'టింగ్' అంటే మంచిది, 'దబ్' అంటే చెత్తబుట్టకి. ఇందులో ఎవరికీ అభిప్రాయ భేదం లేదు. 201లో ఉండే రిటైర్డ్ ఇంజనీరు గారు కూడా ఒప్పుకున్నారు. ఆయన ఒప్పుకున్నాక ఎవరైనా ఒప్పుకోవలసిందే.

ఆయన ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని మెషీన్ ఎదురుగా కూర్చున్నారు. 

"బెంచ్ గ్రైండర్‌కి ఎడమ వైపు నట్టు ఎడమ మర ఉంటుంది బాబూ, గుర్తుపెట్టుకో" అన్నారు.

అక్షరాలా నిజం. రెండు వైపులా మామూలు మరే ఉందనుకోండి, మోటారు స్టార్టయిన ప్రతిసారీ షాఫ్టు ముందుకి ఉరుకుతుంది, నట్టు బద్ధకంగా వెనకబడుతుంది. దాంతో ఒక వైపు నట్టు బిగుసుకుంటుంది, రెండో వైపు నట్టు ఊడొస్తుంది. అది ఊడకుండా ఉండడానికే ఎడమ పక్క మరని తిరగేసి కోస్తారు. సూత్రంలో తప్పులేదు. తప్పల్లా కుర్చీలో ఉంది.

మెషీన్‌ని గోడ వైపు తిప్పి పెట్టారని చెప్పాను కదా. గార్డు నోరు గోడకేసి చూస్తోంది. అంటే సార్ కూర్చున్నది మెషీన్ వీపు వెనక. ఆయన ఎడమ చేతి వైపు ఉన్నది గ్రైండర్‌కి కుడి రాయి. టూల్ రెస్టులు ఉంటే అవైనా ఏది ముందో చెప్పేవి. అవి బకెట్లో నానుతున్నాయి. బాణం పుట్టీ కింద నిద్రపోతోంది.

కాబట్టి మామూలు మర ఉన్న నట్టుని ఎడమ మర అనుకుని తిప్పారు. అది కదల్లేదు. తుప్పు పట్టింది కదా, కదలదు మరి. 19 నంబరు రింగు పానాకి రెండడుగుల జీఐ గొట్టం తొడిగారు. ఇప్పుడు రాయి కూడా నట్టుతో పాటు తిరిగిపోతోంది. రాయి తిరగకుండా ఆపాలంటే గార్డుకీ రాయికీ మధ్య మెత్తటి చెక్క ముక్క ఇరికిస్తే చాలు. చెక్క వెతకడమెందుకని 304 ఆయన బావమరిది పాత తువ్వాలు చుట్టి, రెండో వైపు రాయిని కనుమనాడు పొట్టేలుని పట్టుకున్నట్టు కావలించుకున్నాడు.

"పట్టుకో! వదలకు!"

"పట్టుకున్నా బావా! నువ్వు లాగు!"

"ఎటు లాగను?"

మంచి ప్రశ్న. ఇక్కడ 403 కుర్రాడు వచ్చాడు, సాఫ్ట్‌వేర్. వీడియోలో చూశాడట, ఎడమ మరని గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితే వదులవుతుందట. ఇదీ నిజమే, కాకపోతే నట్టుకి ఎదురుగా నిలబడి చూడాలి. షాఫ్టుకి ఆ చివర నుంచి చూస్తే ముల్లు ఇటు, ఈ చివర నుంచి చూస్తే ముల్లు అటు. సార్ కుర్చీలోంచి చూస్తే ముల్లూ లేదు, డయలూ లేదు, షాఫ్టు అడ్డంగా కర్రలా ఉంది. "ముల్లు ఏ దిక్కుకి తిరుగుతుందో నీ గడియారంలో చూపించు" అన్నారు సార్. కుర్రాడు చెయ్యి చాపాడు. స్మార్ట్ వాచీ. అందులో అంకెలు తప్ప ముళ్ళు లేవు. ఆ రోజు అతను నడవాల్సిన అడుగులు ఇంకా చాలా ఉన్నాయని మాత్రం చూపించింది.

నిజానికి ఈ పనికి ఎడమా కుడీ గడియారమూ ఏవీ అక్కర్లేదు. గార్డు నోరు తెరిచిన వైపు, అంటే పనిచేసేవాడు నిలబడే చోట నిలబడాలి. పానాని నట్టు మీద నిటారుగా పెట్టి, పై కొసని మన వైపుకి లాగాలి. రెండు వైపుల నట్లకీ ఇదే పద్ధతి. రాయి ఎటు తిరుగుతుందో నట్టుని కూడా అటే తిప్పితే వదులవుతుంది, ఎదురు తిప్పితే బిగుస్తుంది. ఇంతే. ఈ మాట చెప్పబోయిన వాళ్ళ చేతికి సెల్‌ఫోన్ టార్చి ఇచ్చి "కాస్త ఇలా వెలుతురు పట్టండి" అన్నారు. ఇరవయ్యేళ్ళుగా పానాలు పట్టిన చేతులకి మన సమాజంలో దక్కే ఉద్యోగం టార్చి పట్టడం. పోనివ్వండి.

మొదటి నట్టు రాలేదు కాబట్టి, సార్ రెండోదానికి మారమన్నారు. "అది ఎడమ మర అయితే ఇది మామూలు మర. ఇది సులువుగా వస్తుంది." తర్కంలో లోపం వెతకలేం. మొదటిది తప్పయితే రెండోదీ తప్పాలి, తప్పింది కూడా. ఆ విధంగా రెండు నట్లనీ, రెండడుగుల గొట్టంతో, ఎవరికీ పక్షపాతం లేకుండా, సమానంగా బిగించారు.

మధ్యలో వాచ్‌మన్ వచ్చాడు. "సార్, ట్యాంకర్ వచ్చింది, బండ్లు జర జరుపుండ్రి." నీళ్ళ ట్యాంకర్ అంటే ఎంతటివాడైనా ఈ వేసవిలో లేచి నిలబడాల్సిందే. అందరూ బండ్లు జరపడానికి వెళ్ళారు, బావమరిది మాత్రం రాయిని వదల్లేదు. వదలమని ఎవరూ చెప్పలేదు మరి. పైనుంచి 304 ఆవిడ కేక, "ఏమండీ, అన్నం చల్లారిపోతోంది, ఆయన్నయినా పంపండి!" ఆయనంటే ఎవరో తేలక ఎవరూ కదల్లేదు.

తిరిగొచ్చాక గొట్టం మీద ఇద్దరు వేలాడారు. 'కటుక్' మంది.

"కదిలింది!" అన్నారు సార్. చప్పట్లు కూడా కొట్టారు. కదిలింది నట్టు కాదు. రాయికి రెండు వైపులా పళ్ళేల్లా ఉండే ఫ్లాంజిలు దాన్ని అప్పడంగా నొక్కేశాయి. గ్రైండర్ నట్టుని రాయి జారకుండా ఉండేంత మాత్రమే బిగించాలని, అంతకు మించితే రాయే పగులుతుందని పెట్టెల మీద రాసి ఉంటుంది. ఆ పెట్టెలు ఎర్రగడ్డలో దొరకవు.

చివరికి 403 కుర్రాడి చెల్లెలు గోళ్ళరంగు తుడిచే సీసా తెచ్చింది. అందులో ఉండేది ఎక్కువగా అసిటోన్. గుడ్డ తడిపి గార్డు మీద రుద్దితే ఆకుపచ్చ పోయింది, పుట్టీ మెత్తబడింది, బాణం బయటపడింది. సార్ వంగి చూశారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశారు.

"ఈ కంపెనీ వాడు తిరగేసి పోత పోశాడు" అన్నారు.

ఆ తర్వాతవన్నీ గబగబా జరిగిపోయాయి. ఆటోమేటిక్ కార్ల గేర్‌బాక్సులో పోసే ఆయిలూ అసిటోనూ సగం సగం కలిపి నట్ల మీద వేసి రాత్రంతా వదిలేస్తే, పొద్దున రెండూ బుద్ధిగా వచ్చాయి. మన వైపు లాగితేనే. రాళ్ళలో ఒకటి 'టింగ్' అంది, రెండోది 'దబ్' అంది. బేరింగులు రెండూ 6202 నంబరువి, మార్చారు. వైండింగు బాగుంది. కండెన్సర్ మాత్రం పోయింది, ప్లగ్గు పెడితే 'గుంయ్' అనడం తప్ప తిరగదు. సీలింగ్ ఫ్యాన్‌ది 2.5 మైక్రోఫారడ్ పెట్టేద్దామన్నారెవరో. ఇలాంటి మోటార్లకి దాదాపుగా అంతకి కొన్ని రెట్లు కావాలి. సరైన విలువ వైండింగ్ షాపు వాడు చెబుతాడు, లేదా నేమ్‌ప్లేటు చెబుతుంది. నేమ్‌ప్లేటు మీద ఆకుపచ్చ ఇంకా ఉంది.

"కండెన్సర్ తర్వాత చూద్దాం, ముందు బేరింగుల చప్పుడు వినాలి" అన్నారు సార్. మంచి మాటే. రాళ్ళు లేకుండా, ఫ్లాంజిలు మాత్రం పెట్టి, నూనె రాసిన నట్లని వేలితో బిగించి, దూరంగా జరగమన్నారు. అదీ మంచి మాటే. "చేత్తో ఒక తోపు తోస్తే చాలు, అదే అందుకుంటుంది." ఇది కూడా నిజం. కండెన్సర్ లేని సింగిల్ ఫేజ్ మోటారుకి సొంతంగా దిక్కంటూ ఉండదు. చెక్క ముక్కతో ఎటు తోస్తే అటు తిరుగుతుంది.

సార్ తోశారు. అదే కుర్చీలోంచి, తన వైపుకి.

మోటారు అందుకుంది, భేషుగ్గా, చప్పుడు లేకుండా, పూర్తి వేగంతో, తిరగాల్సిన దానికి సరిగ్గా ఎదురుగా. నిన్నంతా నలుగురు మగాళ్ళు గొట్టం పెట్టి కదిలించలేకపోయిన ఎడమ నట్టు, ఎవరి సాయమూ లేకుండా గిరగిరా తిరుగుతూ షాఫ్టు చివరిదాకా వచ్చి, దూకి, 402 వాళ్ళ కారు కింద నుంచి దొర్లుకుంటూ వెళ్ళి వాన నీళ్ళ గుంటలో పడింది. తాడుకి స్పీకర్ అయస్కాంతం కట్టి గుంటలో వెతికితే మేకులొచ్చాయి, సోడా మూతలొచ్చాయి, ఎవరిదో స్కూటర్ తాళంచెవి వచ్చింది.

మామూలు నట్టయితే రాణిగంజ్‌లో ఏ కొట్టుకెళ్ళినా దొరుకుతుంది. ఎడమ మర నట్టు అడిగితే మొహం చూస్తారు. చేయించాల్సిందే. పాత బ్రిటిష్ కొలత అర అంగుళం విట్‌వర్త్ అయితే అంగుళానికి 12 మరలు, మిల్లీమీటర్ల కొలత ఎం12 అయితే మరకీ మరకీ మధ్య 1.75 మిల్లీమీటర్లు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకదాని నట్టు రెండోదానికి సరిపోదు. అందుకే 304 ఆయన బాలానగర్‌లో ఒక లేత్ షాపుకి ఫోన్ చేసి అంతా వివరంగా చెప్పాడు. అవతలాయన ఓపిగ్గా విన్నాడు.

"అయిపోతది సార్, పెద్ద పనేం కాదు. ఆ పాత నట్టు ఒకటి శాంపిల్‌కి తీస్కరండి, చూసి కొట్టిస్తా."