రెండేళ్ల జెన్యూన్ అనుభవం తయారుగా ఉన్నది

హైదరాబాద్‌లో అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేస్తే చాలు, అడక్కుండానే చేతిలో కాగితాలు పడతాయి. పైథాన్ డెమో, డెవాప్స్ కొత్త బ్యాచ్, హాస్టల్లో త్రీ షేరింగ్ ఖాళీ. వాటితో నాకు తగాదా లేదు. వాటి నడుమ అరచేతంత కాగితం ఇంకోటి ఉంటుంది: "2 ఇయర్స్ జెన్యూన్ ఎక్స్‌పీరియెన్స్ ఇప్పించబడును. పేస్లిప్స్, ఫామ్ 16, పీఎఫ్, బీజీవీ సపోర్ట్ కలదు. మిగతా పేమెంట్ జాబ్ వచ్చాకే." (బీజీవీ అంటే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, చేరేవాడి పాత ఉద్యోగం నిజమా కాదా అని కొత్త కంపెనీ చేయించే తనిఖీ.)

ఆ 'జెన్యూన్' దగ్గరే నాకు ముద్ద దిగడం లేదు.

దొంగనోటు అమ్మేవాడు కనీసం కొనేవాడి ముందైనా అది దొంగనోటేనని ఒప్పుకుంటాడు. ఇక్కడ ఆ మాత్రం మర్యాద కూడా లేదు. అనుభవం లేదని కొనేవాడికి తెలుసు, అమ్మేవాడికి తెలుసు, కింద టీ కొట్టువాడికి కూడా తెలుసు. అయినా ఆ లేని అనుభవం జెన్యూన్‌దట. ఈ బజారులో సరుకు రెండు రకాలు మరి. పుట్టని కంపెనీ లెటర్‌హెడ్‌ని డీటీపీ సెంటర్లో కొట్టిస్తే అది ఫేక్. రిజిస్టరైన కంపెనీ లెటర్‌హెడ్ మీద దాని యజమానే సంతకం గీకి ఇస్తే అది జెన్యూన్. పని చెయ్యకపోవడం మాత్రం రెండింటిలోనూ సమానమే.

ఉద్యోగాన్వేషణను ఒక శాస్త్రంగా భావించే యువతీయువకుల సౌకర్యార్థం ఈ సరుకు గుణగణాలు వివరించడం నా కర్తవ్యం.

ప్యాకేజీలో ముందు ఆఫర్ లెటర్ వస్తుంది. తర్వాత హైక్ లెటర్. అంటే లేని ఉద్యోగంలో, లేని జీతానికి, ఏడాది తిరక్కుండా పెంపు. నిజంగా పనిచేసి అప్రైజల్లో మొహం వేలాడేసుకున్నవాళ్లు ఇది చదివి ఏడవకండి. ఆపైన చివరి మూడు నెలల పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్. ఉద్యోగకాలంలో ఇతని ప్రవర్తన సంతృప్తికరంగా ఉన్నదని అందులో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. నిజమే. ఒక్క రోజు కూడా ఆఫీసుకు రానివాడు ఎవరితో గొడవపడతాడు?

ఇక పీఎఫ్. ఇక్కడే మన మేధావులు ఆర్థికశాస్త్రాన్ని కొత్త పుంతలు తొక్కించారు. బ్యాంకు స్టేట్‌మెంట్లో జీతం పడినట్టు కనిపించాలి కాబట్టి, ఆ డబ్బు నెలనెలా మీరే తెచ్చి ఈ సరుకు అమ్మే కన్సల్టెన్సీ చేతిలో పెడతారు. వాళ్లు తమ కమీషన్ కోసుకుని, జీతమని మీ ఖాతాలో వేస్తారు. పీఎఫ్‌లో ఉద్యోగి వాటా 12 శాతం మీదే, యజమాని వాటా 12 శాతమూ మీదే. జీతం ఇరవై వేలు దాటినట్టు చూపిస్తే తెలంగాణలో నెలకు 200 వృత్తిపన్ను కూడా కట్టాలి, లేని వృత్తికి. యజమాని, కార్మికుడు ఒక్కరే అయిపోయిన సమాజం కోసం మార్క్స్ జీవితమంతా రాశాడు. ఎస్సార్ నగర్‌లో రెండో అంతస్తులో అది ఎప్పుడో వచ్చేసింది.

చిన్న చిక్కుంది. పీఎఫ్ చలానా ఏ నెలకా నెల కట్టేది. ఈ నెల మొదలుపెడితే రెండేళ్ల అనుభవం పండటానికి సరిగ్గా రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లూ ఎక్కడైనా చిన్న కంపెనీలో పదిహేను వేలకు చేరి ఉంటే రెండేళ్ల అనుభవం ఉచితంగా వచ్చేది కదా అని అడక్కండి. శాస్త్రం ఒప్పుకోదు.

అంత ఓపిక లేనివాళ్లకు వెనక తేదీల కాగితాలిస్తారు. పీఎఫ్ ఏదని అడిగితే చెప్పాల్సిన జవాబు కూడా ప్యాకేజీలోనే వస్తుంది: "మా కంపెనీలో ఇరవై మంది లేరండి." ఇరవై మంది ఉంటేనే పీఎఫ్ చట్టం వర్తిస్తుందన్న సంగతి వీళ్లకు వచ్చినంత కచ్చితంగా లా కాలేజీలో కూడా ఎవరికీ రాదు. అందుకే ఈ నగరంలో సరిగ్గా పంతొమ్మిది మందితో నడిచే సాఫ్ట్‌వేర్ కంపెనీలు లెక్కకు మిక్కిలి. ఇరవయ్యోవాడు లోపలికి వస్తుంటే వాచ్‌మన్ ఆపేస్తాడు కాబోలు.

తర్వాతి ఘట్టం ఇంటర్వ్యూ. దీన్ని గురించి ఎంత చెప్పినా తనివి తీరదు.

తోలుబొమ్మలాటలో బొమ్మ తెర మీద ఆడుతుంది, పాట తెర వెనక నుంచి వస్తుంది. ప్రాక్సీ ఇంటర్వ్యూ కూడా అంతే. హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ ముందు అభ్యర్థి, ఇస్త్రీ చొక్కా పైన, లుంగీ కింద. బల్ల కిందో పరుపు మీదో గొంతు అద్దెకిచ్చినవాడు. జావాలోని స్ప్రింగ్ బూట్ గురించి ప్రశ్న వస్తుంది. కింద నుంచి జవాబు మొదలవుతుంది, పైనున్న పెదవులు అర సెకను ఆలస్యంగా బయలుదేరతాయి. నెట్ స్లోగా ఉందని ముందే చెప్పి ఉంచారు కాబట్టి ఆ అర సెకను జియో మీదకో ఎయిర్‌టెల్ మీదకో పోతుంది. కింద ఉన్నవాడికి తుమ్ము వస్తుంది. పైనున్నవాడు కూడా తుమ్మాలి, ఆలస్యంగానైనా తుమ్మాలి. పక్క గదిలో కుక్కర్ విజిల్ వేస్తే ఇద్దరూ ఆగాలి. అంతా సాఫీగా సాగుతుండగా అవతలి మనిషి సరదాకి "మీదే ఊరు?" అంటాడు. జావా అంతా తెలిసిన గొంతు తన అలవాటుకొద్దీ "రాజమండ్రి" అనేస్తుంది. రెజ్యూమెలో సూర్యాపేట. పెదవులు రాజమండ్రి దగ్గర మొదలై సూర్యాపేట దగ్గర ఆగుతాయి. దారిలో ఖమ్మం తగిలినా తగలొచ్చు.

ఇంటర్వ్యూ చేసేవాళ్లు కూడా ఇప్పుడు ముదిరారు. ఇయర్‌ఫోన్లు తియ్యమంటారు, కెమెరా గదంతా తిప్పమంటారు, స్క్రీన్ షేర్ చేసి కోడ్ నడుస్తుండగా మధ్యలో ఒక లైను మార్చి ఏమవుతుందో చెప్పమంటారు. చాలాచోట్ల చివరి రౌండు ఆఫీసుకే రమ్మంటున్నారు. ఆ రౌండుకు గొంతుని జేబులో పెట్టుకుని వెళ్లే మార్గం మన శాస్త్రవేత్తలు ఇంకా కనిపెట్టలేదు.

అన్నీ గట్టెక్కి ఉద్యోగం వచ్చిందనుకోండి. పని రాదు కాబట్టి రాత్రిపూట ఎనీడెస్క్‌లో, అంటే దూరం నుంచే మీ కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్‌లో, కూర్చుని చేసిపెట్టే 'జాబ్ సపోర్ట్' మనిషి కావాలి. చేతికి 45 వేలు వస్తాయనుకుంటే సపోర్టుకు 20, కన్సల్టెన్సీ వాయిదాకు 15, హాస్టల్‌కు 7. మిగిలిన మూడు వేలతో సాఫ్ట్‌వేర్ జీవితం అనుభవించవచ్చు.

ఆ మూడు వేలూ ఎన్నాళ్లన్నది బీజీవీ మీద ఆధారపడుతుంది. చాలా సంస్థల్లో వెరిఫికేషన్ రిపోర్టు మీరు ఉద్యోగంలో చేరిన తర్వాతే వస్తుంది. క్లయింట్ బ్యాంకైతే మళ్లీ ఇంకోసారి చేయిస్తుంది. పట్టుబడే దారులు పెద్ద రహస్యమేమీ కాదు. కంపెనీ ఎప్పుడు రిజిస్టరైందో కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్లో ఎవరైనా చూడొచ్చు. అనుభవం 2022 జూన్ నుంచి, కంపెనీ పుట్టింది 2024 మార్చిలో అయితే తల్లి కంటే పిల్ల పెద్దదన్నమాట. అడ్రసుకు మనిషిని పంపితే అక్కడ కర్రీ పాయింట్ ఉంటుంది. యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) సర్వీస్ హిస్టరీలో చేరిన తేదీ, వదిలిన తేదీ ఉంటాయి. పన్నుల ఖాతా చూపే 26ఏఎస్‌లో టీడీఎస్, అంటే జీతంలోంచి ముందే కోసిన పన్ను, ఎవరు కట్టారో ఉంటుంది. ఎక్కువమంది బోల్తాపడేది ఇంకోచోట. ఆ రెండేళ్లు కడుపు నింపుకోవడానికి కాల్ సెంటర్లో నైట్ షిఫ్టు చేసి ఉంటారు, అక్కడి నిజమైన పీఎఫ్ నిజంగానే పడి ఉంటుంది. ఒకే నెలల్లో రెండు ఉద్యోగాలు తేలతాయి. అబద్ధాన్ని పట్టించేది చివరికి వాడు నిజంగా చేసిన పనే.

హెచ్ఆర్ నంబరుకు ఫోన్ చేస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఫలానా అబ్బాయి మీ దగ్గర పనిచేశాడా అని అడిగితే అవతలి గొంతు ఎంతో వినయంగా అంటుంది: "ఏ కంపెనీ తాలూకు సార్?"

ఇంతదాకా నవ్వుకున్నాం. ఈ కాగితం ఎందుకు అమ్ముడవుతోందో కూడా చెబుతాను, అది నవ్వులాట కాదు.

"ఫ్రెషర్లు కావలెను, ఒకటి నుంచి రెండేళ్ల అనుభవం తప్పనిసరి" అని ప్రకటన వేసే పెద్దమనుషులారా, రాసిన తర్వాత ఒకసారి చదువుకుంటారా? పదో తరగతి, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం ఉండాలంటారు. జేఎన్టీయూ హైదరాబాద్ ఆర్18 (2018 నిబంధనల) లెక్కలో సీజీపీఏ నుంచి అర తీసేసి పదితో గుణిస్తే శాతం. 6.5 వచ్చినవాడికి 60, వాడు లోపల. 6.4 వచ్చినవాడికి 59, వాడి ముఖం కూడా చూడరు. పదిహేనేళ్ల వయసులో జ్వరంతో రాసిన సోషల్ పేపరుకూ సర్వర్ లాగ్ చదవడానికీ ఏం సంబంధం? 2022లో ఆఫర్ లెటర్లిచ్చి, ఇవాళ రేపు అంటూ 2024 దాకా పిల్లల్ని ఇళ్లలో కూర్చోబెట్టింది ఎవరు? చిన్న కంపెనీలా? కాదు, పేరు చెబితే పెళ్లి సంబంధాలు కుదిరే సంస్థలు. ఆ పిల్లవాడే ఇంకో గుమ్మం ఎక్కితే అడిగే మొదటి ప్రశ్న: "ఈ రెండేళ్ల గ్యాప్ ఎందుకొచ్చింది?" ఎందుకొచ్చిందా? మీ వీధిలోవాళ్లే తెచ్చిపెట్టారు, వెళ్లి వాళ్లని అడగండి.

సరిగ్గా ఆ గ్యాప్‌లోకే కన్సల్టెన్సీవాడు దూరతాడు. మిర్చి ధర పడిపోయిన ఏడాది అమ్మ మెడలో గొలుసు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు తీసుకుంటాడు. అంతటితో ఆగడు. సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కుల మెమో), ప్రొవిజనల్, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), అన్నీ ఒరిజినల్స్ ఇమ్మంటాడు, మిగతా పేమెంట్ కట్టేదాకా 'సెక్యూరిటీ' అట. ఎవడబ్బ సొమ్మని పెట్టుకుంటావురా? నాలుగేళ్లు సప్లీలు రాసి తెచ్చుకున్న కాగితం అది. ఒక పొద్దున్నే వీడు బోర్డు తిప్పేస్తే, డబ్బుతోపాటు డిగ్రీ కూడా పోతుంది. డూప్లికేట్ల కోసం పోలీసు ఫిర్యాదు, అఫిడవిట్, యూనివర్సిటీ కౌంటర్, మళ్లీ ఫీజు. ఒరిజినల్స్ ఎవడికీ ఇవ్వకండి. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, సంచిలో పెట్టుకుని వచ్చేయండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే, ఇచ్చినట్టు వాట్సాప్‌లో వాడి నోటితోనే ఒప్పించి, ఆ స్క్రీన్‌షాట్లతో స్టేషన్‌కు వెళ్లండి. మోసానికి ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ ఉంది. పాత పేరు 420 అంటే ఎస్సైగారికి ఇంకా త్వరగా అర్థమవుతుంది.

కోపం వచ్చింది, క్షమించాలి. శాస్త్రంలోకి వద్దాం.

పనికొచ్చే పద్ధతులు లేకపోలేదు, కాగితం మీద అచ్చేసి పంచేంత రుచిగా ఉండవంతే. రెజ్యూమె ఒక్క పేజీ, ఒకే కాలమ్, టెక్స్ట్ పీడీఎఫ్. రెండు కాలమ్‌లు, ఫొటో, రంగు గీతలు పెడితే వడపోత సాఫ్ట్‌వేర్ దాన్ని కలగాపులగంగా చదువుతుంది. జావా 80 శాతం వచ్చని గీత గీస్తారు, ఆ మిగతా 20 ఏమిటో కొలిచినవాణ్ణి నాకు చూపించండి. ప్రకటనలో ఉన్న మాటల్లో మీకు నిజంగా వచ్చినవి అవే మాటల్లో రాయాలి. నౌక్రీ అనే ఉద్యోగాల సైట్లో ప్రొఫైల్ రెండు మూడు రోజులకోసారి తెరిచి హెడ్‌లైన్ కాస్త మార్చి సేవ్ చేస్తే వెతికేవాళ్లకు తాజాగా కనిపిస్తుంది. ప్రకటన పడిన మొదటి రోజే అప్లై చేయాలి, వారం తర్వాత పంపితే మీ పైన వందలమంది ఉంటారు.

సీనియర్లకు "అన్నా ఏదైనా ఉంటే చూడన్నా" అని పంపకండి. చూడడు. ఆ కంపెనీ సైట్లో ఖాళీ వెతికి, జాబ్ ఐడీ, మీ బ్యాచ్, మీకొచ్చిన పని రెండు లైన్లలో రాసి, రెజ్యూమె జతచేసి పంపితే వాడికి మిగిలేది అప్‌లోడ్ చేయడమే. రెఫరల్ బోనస్ ఉంటే వాడే మీకు ఫోన్ చేస్తాడు. ప్రాజెక్టు ఒక్కటి చాలు, ప్రతి లైను ఎందుకు రాశారో చెప్పగలిగితే. ఇరవై వేలకు కొన్న ప్రాజెక్టులో టేబుల్ పేర్లు కూడా గుర్తుండవు.

జెన్యూన్ అనుభవమే కావాలంటే, సర్కారువారి దగ్గర అసలు సరుకు ఉంది. ఎన్ఏటీఎస్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) అప్రెంటిస్‌షిప్, సాధారణంగా ఏడాది. స్టైపెండ్ వాళ్లే ఇస్తారు, పైగా చివర్లో సర్టిఫికెట్ కూడా. స్టైపెండ్ తక్కువని మొహం చిట్లించే ముందు, పైన జీతం మీరే ఇచ్చుకున్న లెక్క ఇంకోసారి చూడండి.

ఇవన్నీ చేసినా నెలలు పట్టొచ్చు. ఆ నెలల్లో అరచేతంత కాగితం మళ్లీ చేతిలో పడుతుంది, ఈసారి బేరం కూడా తగ్గించి ఎనభై వేలంటారు. మెత్తబడేట్టున్నారా, సరే. కట్టండి. కట్టే ముందు బిల్లు ఒకటి అడగండి. "రెండేళ్ల జెన్యూన్ అనుభవం, ఒకటి, 80,000. జీఎస్టీ 18 శాతం, 14,400." కింద కంపెనీ ముద్ర, యజమాని సంతకం, తేదీ. తేదీ మాత్రం ఇవాళ్టిదే వేయమనండి.