సవరణ: పల్స్ ఆక్సీమీటరు తనిఖీ, క్యాలిబ్రేషన్ ఒకటి కావు

ఆసుపత్రిలో బయోమెడికల్ ఇంజనీరు చేసే పనుల గురించి గత వారం రాసినప్పుడు, పల్స్ ఆక్సీమీటర్లను ఏటా సిమ్యులేటరుతో (వేలి నుంచి వచ్చే సంకేతాన్ని అనుకరించే యంత్రంతో) క్యాలిబ్రేట్ చేస్తామని, అంటే అసలు కొలతతో పోల్చి సరిచేస్తామని పేర్కొన్నాను. ఆ వాక్యం తప్పు. దాన్ని ఉపసంహరించుకుంటున్నాను.

పల్స్ ఆక్సీమీటరు సుమారు 660 నానోమీటర్ల ఎర్ర కాంతిని, 940 నానోమీటర్ల పరారుణ కాంతిని వేలి గుండా పంపి, నాడితో పాటు మారే శోషణల నిష్పత్తిని లెక్కగట్టి, తనలో ముందే భద్రపరచిన పట్టిక ఆధారంగా రక్తంలోని ఆక్సిజన్ శాతాన్ని చూపుతుంది. ఆ పట్టికను రూపొందించడానికి తయారీదారులు ఆరోగ్యవంతులైన వలంటీర్ల చేత ఆక్సిజన్ తగ్గించిన గాలిని పీల్పించి, రక్తంలో ఆక్సిజన్ 70 నుంచి 100 శాతం మధ్య వివిధ స్థాయుల్లో ఉన్నప్పుడు ధమని రక్తాన్ని తీసి, రక్త నమూనాలో ఆక్సిజన్ శాతాన్ని నేరుగా కొలిచే కో-ఆక్సీమీటరు ఫలితాలతో పోలుస్తారు. సిమ్యులేటరులో రక్తం ఉండదు. అది 90 శాతానికి సరిపడే సంకేతం ఇచ్చినప్పుడు తెరపై 90 కనిపిస్తే, పరికరం తన పట్టికను సరిగానే అనుసరిస్తోందని మాత్రమే తేలుతుంది. పల్స్ ఆక్సీమీటర్లకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 80601-2-61 కూడా ఇలాంటి టెస్టర్లతో కచ్చితత్వాన్ని నిర్ధారించరాదనే చెబుతోంది.

ఈ తేడాకు రోగి ప్రాణంతో సంబంధం ఉంది. పరికరం పసిగట్టని ఆక్సిజన్ లోపం శ్వేతజాతి రోగుల కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించిందని 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన అధ్యయనం తెలిపింది. అటువంటి దోషం ఏ సిమ్యులేటరు పరీక్షలోనూ బయటపడదు. ‘క్యాలిబ్రేట్ అయింది’ అన్న స్టిక్కరును నమ్మి, ముదురు చర్మఛాయ గల రోగి ఆయాసపడుతున్నా తెరపై అంకెనే చూసే పరిస్థితి రాకూడదు. కాబట్టి ఆ వాక్యంలో ‘క్యాలిబ్రేట్ చేస్తాం’ అన్నచోట ‘పనితీరును తనిఖీ చేస్తాం’ అని చదువుకోవలసిందిగా కోరుతున్నాను.