పెళ్ళి ఏప్రిల్‌లో, పురుడు జనవరిలో

పక్కింటి బామ్మగారి ప్రింటర్ బాగుచెయ్యడమే నేను చేసిన మొదటి తప్పు. నిజానికి ఊడిపోయిన వైరు మళ్ళీ గుచ్చానంతే. కానీ ఆ రోజు నుంచి ఆవిడ దృష్టిలో నాకు రాని విద్య లేదు.

మేముండేది అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని టాంటన్ దగ్గర. ఆవిడకి ఎనభై దాటాయి. వారం తిరక్కుండా ఒక చెప్పుల డబ్బా తెచ్చి మా వంటింటి బల్ల మీద పెట్టారు. నిండా పాత కాగితాల జిరాక్సులు.

"మా వంశంలో ఈ దేశానికి మొదట వచ్చినాయన ఇనుప పనివాడు. తర్వాత బోలెడు భూమి కూడా సంపాదించాడు. జూలైలో చుట్టాలందరూ వస్తున్నారు. ఈలోగా వంశవృక్షం వేసిపెట్టు. నువ్వు కంప్యూటర్ మనిషివి కదా!"

ఆ పూర్వీకుడి పేరు ఇక్కడ రాయను. ఆ ఇంటి పరువు నావల్ల ఒకసారి పోయింది, అది చాలు.

ఇనుప పని అనగానే నాకు మా ఊళ్ళో చింతచెట్టు కింది కొలిమి, నాగటి కర్రు సాగగొట్టే శబ్దం గుర్తొచ్చాయి. ఇక్కడి కథ అంతకంటే పెద్దది. ఈ వైపు చిత్తడి నేలల్లో తుప్పు రంగు ఇనుప ఖనిజం పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి 1646 ప్రాంతంలో బోస్టన్‌కి ఉత్తరాన సాగస్‌లో పెద్ద కొలిమి వెలిగించారు. ఏటి నీళ్ళతో తిరిగే చక్రాలే తిత్తులు ఊదేవి, సమ్మెట ఎత్తి దించేవి. 1650లో డన్‌బార్ యుద్ధంలో ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సైన్యానికి పట్టుబడ్డ స్కాట్లండ్ సైనికుల్ని ఓడలో తెచ్చి, అరవై మంది దాకా ఆ పనికే పంపారు. 1652లో మా టాంటన్ వాళ్ళు కూడా జేమ్స్, హెన్రీ లెనార్డ్ అనే అన్నదమ్ముల్ని పిలిపించి సొంతంగా ఒకటి పెట్టుకున్నారు. ఎక్కడ ఇనుప కొలిమి ఉంటే అక్కడ ఒక లెనార్డ్ ఉంటాడని ఈ వైపు సామెతే ఉంది. మన బామ్మగారి పూర్వీకుడు లెనార్డ్ కాదు గానీ అదే కొలిమి పొగ పీల్చినవాడు.

ఇంత శ్రమపడ్డ మనుషుల గురించి మనకు తెలిసేది ఎలాగంటే, ఎక్కువగా కోర్టు జరిమానాల వల్లే. తాగినందుకు, బూతులు తిట్టినందుకు, ఆదివారం ప్రార్థనకి ఎగ్గొట్టినందుకు. బుద్ధిగా ఉన్నవాడి జాడ దొరకడమే కష్టం.

భూమి కాగితాలు మాత్రం నాకు పుట్టింటి చుట్టాల్లా అనిపించాయి. మన దస్తావేజుల్లో చెక్కుబందీ ఉంటుంది చూడండి, తూర్పున ఫలానా వారి చేను, పడమర పుంతదారి అని. అచ్చం అలాగే: తెల్ల ఓక్ చెట్టు నుంచి రాళ్ళ కుప్ప దాకా, అక్కణ్ణుంచి వాగు దాకా. ఆ చెట్టు ఎప్పుడో పోయుంటుంది, ఆ రాళ్ళతో ఎవరో గోడ కట్టుకునుంటారు.

చుట్టరికాల దగ్గరే నా గొంతులో వెలక్కాయ పడింది. ఆ రోజుల్లో కజిన్ అని రాస్తే అన్నదమ్ముల కొడుకూ కావచ్చు, మేనల్లుడూ కావచ్చు. సన్ ఇన్ లా అంటే అల్లుడైనా కావచ్చు, భార్య మొదటి పెళ్ళి కొడుకైనా కావచ్చు. బావ, బావమరిది, తోడల్లుడు, వియ్యంకుడు అని ఒక్కొక్కరికి ఒక్కో గూడు కట్టిన భాషలో పుట్టి, ఈ గుంపులో పడ్డాను. దానికి తోడు ఒకే పేరుతో సీనియర్, జూనియర్. తండ్రీ కొడుకులనుకుంటాం. కాదు. ఊళ్ళో ఒకే పేరున్నవాళ్ళలో పెద్దవాడు సీనియర్, చిన్నవాడు జూనియర్, అంతే. పెద్దాయన పోతే నిన్నటి జూనియర్‌కి ప్రమోషన్.

ఈ సంగతి తెలిశాక నేను డిటెక్టివ్‌నైపోయాను. మనవాడి విల్లు మీద సంతకం నవంబరు. ఆయన చనిపోయాక అది కోర్టులో దాఖలైంది అదే ఏడాది ఫిబ్రవరిలో! ఫిబ్రవరికే పోయినవాడు నవంబరులో లేచొచ్చి విల్లు రాయడు కదా. అంటే ఒకే పేరుతో ఇద్దరున్నారన్నమాట. వెంటనే ఇంకో గడి గీసి, ఉన్న ఎనిమిది మంది పిల్లల్ని చెరి నలుగురు చొప్పున పంచేశాను. సివిల్ కోర్టులో కూడా అంత త్వరగా పంపకాలు జరగవు.

ఆ ఊపులోనే ఇంకోటి దొరికింది. ఆయన పెద్దకొడుక్కి పెళ్ళి ఏప్రిల్‌లో. వాళ్ళకి మొదటి బిడ్డ పుట్టింది అదే సంవత్సరం జనవరిలో. మూడుసార్లు చూశాను. సంవత్సరం అంకె రెండు చోట్లా ఒకటే. నిజం నిజమే కదా అని చార్టులో ఆ రెండు తేదీలూ పక్కపక్కనే, కొట్టొచ్చినట్టు, ఎర్ర రంగులో వేయించాను.

జూలైలో చుట్టాలొచ్చారు, నలభై మంది దాకా. నేను ఒక చేత్తో పులిహోర గిన్నె, ఇంకో చేత్తో ఆరడుగుల చార్టు పట్టుకుని వెళ్ళాను. గరాజ్ తలుపుకి అంటించాం. అందరూ చప్పట్లు కొట్టారు. పన్నెండేళ్ళ పిల్లవాడొకడు దగ్గరికెళ్ళి వేలు పెట్టి చదివి, గట్టిగా అడిగాడు: "ఈ బాబు పెళ్ళికి మూడు నెలల ముందే పుట్టాడా?"

గ్రిల్ మీద మాంసం చిటపటలు తప్ప ఇంకో చప్పుడు లేదు. అక్కడున్న నలభై మందీ ఆ బాబు సంతానమే. చర్చిలో పెద్దమనిషిగా పేరున్న బామ్మగారి తమ్ముడు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివారు. సర్దిచెబుదామని నేను నోరు తెరిచాను.

"ఆ రోజుల్లో ఇలాంటివి మామూలేనండీ."

పులిహోర ఎవరూ ముట్టుకోలేదు. గిన్నె గిన్నెలాగే ఇంటికొచ్చింది.

ఆ రాత్రి తెనాలికి ఫోన్ చేశాను. అమ్మ మొత్తం విని, ముందు పులిహోర మిగిలినందుకు బాధపడింది. తర్వాత అంది:

"ఒరే, మనకి సంవత్సరం ఎప్పుడు మారుతుంది?"

"జనవరి ఒకటిన."

"నీ మొహం. ఉగాదికి! చైత్రంలో పెళ్ళయితే, అదే సంవత్సరం పుష్యమాసంలో బిడ్డ పుడతాడు. పుష్యం చైత్రానికి ముందొస్తుందా, తర్వాతొస్తుందా? వాళ్ళకీ అప్పట్లో అలాంటిదేదో ఉందేమో చూసుకోకుండా పరాయివాళ్ళ ఇంటి పరువు గోడకెక్కించావా?"

చూశాను. ఉంది. 1752 వరకు ఇంగ్లండ్‌లోనూ, దాని వలస రాజ్యాల్లోనూ చట్టప్రకారం సంవత్సరం మొదలయ్యేది మార్చి 25న. డిసెంబరు తర్వాత జనవరి, ఫిబ్రవరి కూడా పాత ఏటి అంకెతోనే నడిచేవి. ఏప్రిల్ నుంచి జనవరికి వేళ్ళమీద లెక్కపెట్టాను. తొమ్మిది. ఆ తల్లి శుభ్రంగా నవమాసాలూ మోసే కన్నది. మూడొందల ఏళ్ళ తర్వాత నేనొచ్చి నింద వేశాను.

నవంబరు విల్లు, ఫిబ్రవరి చావు కూడా అంతే. ఇద్దరు లేరు, ఉన్నది ఒక్కడే. పంచిన ఎనిమిది మంది పిల్లల్నీ మళ్ళీ ఒకే తండ్రి కింద చేర్చేసరికి తెల్లారింది.

పొద్దున్నే వెళ్ళి తలుపు కొట్టాను. చేతిలో ఒక సాక్ష్యం కూడా పట్టుకెళ్ళాను: జార్జ్ వాషింగ్టన్. వాళ్ళ నాన్న అగస్టీన్ కూడా భూస్వామే, వర్జీనియాలో ఇనుప కొలిమిలో వాటా ఉన్నవాడే. వాళ్ళింటి బైబిల్లో అబ్బాయి పుట్టింది ఫిబ్రవరి 11, 1731/2 అని రెండేళ్ళూ కలిపి రాసి ఉంటుంది. 1752లో క్యాలెండర్ మార్చినప్పుడు పదకొండు రోజులు కూడా ముందుకు జరిపారు, అందుకే ఇప్పుడు ఆయన పుట్టినరోజు అని చెప్పేది 1732 ఫిబ్రవరి 22. "అంతటివాడికే తప్పలేదండీ ఈ గొడవ" అన్నాను.

బామ్మగారు కాసేపు నన్నే చూశారు. తర్వాత కొత్త చార్టు చూశారు. లోపలికెళ్ళి తమ్ముడికి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడారు. తిరిగొచ్చినప్పుడు చేతిలో ఇంకో చెప్పుల డబ్బా ఉంది.

"ఇవి మా ఆయన వైపువి. వాళ్ళు క్వేకర్లు, అదో క్రైస్తవ శాఖ. అప్పట్లో నెలలకి పేర్లు కూడా రాసేవాళ్ళు కాదు, అంకెలే."

ఇంటికొచ్చి మూత తీశాను. పైకాగితం మీదే ఉంది: మొదటి నెల, పదో రోజు, 1702. జనవరి అని రాయబోయి పెన్ను ఆపి, తెనాలిలో ఇప్పుడు టైమెంతయిందో లెక్కపెట్టుకున్నాను.