ముందు పంపండి, ధైర్యం తర్వాత వస్తుంది

రాసేవాళ్ళకి అందరూ ఇచ్చే సలహా ఒకటుంది: ముందు నీమీద నీకు నమ్మకం ఉండాలి. వినడానికి బాగుంటుంది గానీ, నా దృష్టిలో ఇంతగా నష్టం చేసిన సలహా మరొకటి లేదు. దీన్ని నమ్మినవాళ్ళు ఆ నమ్మకం ఎప్పుడొస్తుందా అని ఏళ్ళ తరబడి కూర్చుంటారు. కథ ఫోల్డర్లోనే ఉంటుంది. ఎనిమిదోసారి దిద్దుతారు. ఈలోగా పోటీ గడువు దాటిపోతుంది. ఆత్మవిశ్వాసం ఉంటేనే పంపాలని ఎవరన్నారు? అది పంపినందుకు ఆలస్యంగా అందే కూలి.

అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్ సంగతి చూడండి. 1970లో సైన్స్ ఫిక్షన్ రాయడం నేర్పే క్లారియన్ వర్క్‌షాప్‌కి వెళ్ళినప్పుడు ఆమె కథలు రెండు అమ్ముడుపోయాయి. ఇక దారి పడ్డట్టే అనిపిస్తుంది ఎవరికైనా. ఆ తర్వాత అయిదేళ్ళు ఒక్క రచనా అమ్ముడుపోలేదు. గిన్నెలు కడిగారు, ఫోన్లో సరుకులు అమ్మారు, చిప్స్ ఫ్యాక్టరీలో నాణ్యత చూసే పని చేశారు. అర్ధరాత్రి దాటాక రెండింటికి లేచి రాసుకున్నారు. మొదటి నవల 1976లో వచ్చింది. 1984లో, 1985లో వరసగా హ్యూగో అవార్డులు, సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద గౌరవం అవి.

ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. నన్ను వదలకుండా పట్టుకున్నది 1988 నాటి ఒక నోట్‌బుక్ పేజీ. బాగా అమ్ముడుపోయే రచయితనవుతాను, ఇది జరిగి తీరాలి అని అందులో ఆమె తనకు తానే గట్టిగా చెప్పుకున్నారు. రెండు హ్యూగోలు చేతికొచ్చిన తర్వాత కూడా తనకి తాను ధైర్యం చెప్పుకోవాల్సి వచ్చింది! అంటే అన్నేళ్ళూ ఆమె చేత రాయించింది నమ్మకం కాదు, అలవాటు. ప్రేరణ కంటే అలవాటే నమ్మదగిందని ఆమే ఒకచోట రాశారు కూడా.

బయటికి పంపిన రచన ఒక్కటే అయితే, దాని మీద వచ్చే జవాబు మన జీవితం మీద తీర్పులా ఉంటుంది. ఆరు రచనలు ఆరు చోట్ల ఉన్నప్పుడు అదే జవాబు ఒక ఉత్తరం మాత్రమే. టెన్షన్ దానంతటదే తగ్గుతుంది. హారర్ నవలలతో పేరుపొందిన అమెరికన్ రచయిత స్టీఫెన్ కింగ్ కుర్రతనంలో తిరస్కరణ చీటీలన్నీ గోడకు కొట్టిన మేకుకి గుచ్చేవాడు. ఆ బరువుకి మేకు ఆగకపోతే ఇంకా పెద్దది కొట్టి, రాస్తూనే పోయాడు.

అవకాశం కూడా మనం ఊహించుకున్న రూపంలో రాదు. నేనొక పత్రికలో సాహిత్యం పేజీ చూసే రోజుల్లో, ఒప్పుకున్న వ్యాసం సాయంత్రానికి అందకపోతే ఎవరికి ఫోన్ చేసేవాణ్ణి? అందరికంటే బాగా రాసేవాళ్ళకి కాదు. అంతకుముందు ఏదో ఒకటి పంపి, మార్పులు చెబితే విసుక్కోకుండా చేసి, గడువులోపు ఇచ్చినవాళ్ళకి. నెల ముందు వాళ్ళు పంపింది మేం వేసుకోకపోయి ఉండొచ్చు. అయినా ఆ పేరు మనసులో ఉండేది. రేపటికి మూడు వందల మాటల్లో పుస్తక సమీక్ష కావాలంటే ‘నాకంత అనుభవం లేదండీ’ అన్నవాళ్ళకి మళ్ళీ ఫోన్ చేసే తీరిక ఏ డెస్క్‌కీ ఉండదు.

పచ్చి రచనలు పంపితే పేరు చెడుతుందని కొందరు పెద్దలంటారు. దిద్దుకోవద్దని నేనూ అనను, దిద్దడానికి ఒక ఆఖరి తేదీ పెట్టుకోమంటాను. బాగాలేని కథని ఎడిటర్ వారంలో మర్చిపోతాడు. రెండోసారి మెరుగ్గా రాసి పంపినవాళ్ళనే గుర్తుపెట్టుకుంటాడు.

ఇదంతా రాసేవాళ్ళ వైపు సంగతి. అసలు నేను గొడవ పడాలనుకునేది అవతలి వైపుతో. ధైర్యం లేకపోవడాన్ని రచయిత మనసులోని లోపంగా చూడటం అన్యాయం. ఆ ధైర్యాన్ని పెంచేదీ చంపేదీ పత్రికలూ ప్రచురణకర్తలూ వెబ్ పోర్టళ్ళే. కింగ్‌కి పదహారేళ్ళప్పుడు ఒక ఎడిటర్ తిరస్కరణ చీటీ మీదే రెండు ముక్కలు చేత్తో రాశాడు: మాకు పనికిరాదు గానీ బాగుంది, మళ్ళీ పంపు. అది రాయడానికి అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ కుర్రాడు దాన్ని దశాబ్దాల తర్వాత కూడా గుర్తుంచుకున్నాడు.

ఇప్పుడు ఎక్కువ చోట్ల వచ్చేది నిశ్శబ్దం. కథ అందిందో లేదో తెలియదు. అచ్చయితే డబ్బులడగడానికి మొహమాటం, అడిగితే ‘పేరొస్తుంది కదా’ అనే సమాధానం. ఈ నిశ్శబ్దాన్ని ఏళ్ళ తరబడి తట్టుకునేది ఎవరు? నెల జీతమో, ఇంటి అండో ఉన్నవాళ్ళు. మిగతావాళ్ళు ఆగిపోతారు. బట్లర్ అయిదేళ్ళు ఓర్చుకున్నారు. మూడో ఏడాదిలోనే మానేసినవాళ్ళ పేర్లు మనదాకా రానే లేదు. వాళ్ళకి పట్టుదల లేదని అనడానికి మనకి నోరెలా వస్తుంది? ఆ డెస్క్ మీద కూర్చున్నన్నాళ్ళూ నేనూ ఎన్నో కథలకి జవాబివ్వలేదు. తీరిక లేదనుకున్నాను. అది తప్పని ఇప్పుడు అనిపిస్తోంది.

రచనలు ఆహ్వానించే ప్రతి ప్రకటనలోనూ మూడు సంగతులుండాలి: ఎన్ని రోజుల్లో జవాబిస్తారు, పారితోషికం ఎంత, అది ఏ తేదీకి ఇస్తారు. చెప్పిన రోజుకి జవాబు రాకపోతే ఆ రచనని ఇంకోచోటికి పంపుకునే స్వేచ్ఛ రచయితదేనని కూడా అందులోనే రాయాలి.