బండ్లు తీసేస్తే బరంపురం బాగుపడుతుందా?

ఒడిశాలోని బరంపురంలో మన తెలుగువారి వాట్సాప్ బృందాలలో వారం రోజులుగా ఒకే సందేశం తిరుగుతున్నది. ఊరు బాగుపడాలంటే ముందు పెద్ద మాల్ రావాలట, తోపుడు బండ్లు పోవాలట, కూడళ్ళలో రంగుల దీపాలు వెలగాలట, పేదల బస్తీల సంగతి డబ్బు వచ్చాక చూడవచ్చునట. నిన్న ఒక్క పూటలోనే నలుగురు పంపారు కనుక జవాబు రాస్తున్నాను.

దీపాల మీద తగవు అనవసరం. మాల్ వచ్చినా నాకు అభ్యంతరం లేదు.

బండ్లవాళ్ళు ఆక్రమణదారులనీ, రాత్రికి రాత్రి తొలగించవచ్చుననీ అన్న మాట మాత్రం అబద్ధం, ప్రమాదకరం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తిచేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ కదిలించకూడదు. ఆ తరువాత తరలించాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. బండ్ల చోట్ల సంగతి చూసే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. మా వీధిలో ఒక ఇంట తెల్లవారకముందే అప్పడాల పిండి కలుపుతారు, ఎండ ఎక్కేసరికి మేడ మీద చాపలు నిండుతాయి, సాయంత్రం ఆ కట్టలు బజారులో ఒక బండి మీదికి చేరతాయి. ఆ బండిని లాగేస్తే అప్పడాలు ఒత్తే ఆడవాళ్ళ కూలీ, పప్పు కొట్టువాడి బేరం, పిల్లల ఫీజు అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ఇది వ్యాపారమా, బస్తీ సంక్షేమమా? దేన్ని ముందు పెట్టి దేన్ని తరువాత చూస్తారో ఆ సందేశం రాసినవారే చెప్పాలి!

ఊరి బాగూ బస్తీ సంక్షేమమూ రెండూ కలిపి చేయవచ్చునని మన రాష్ట్రమే చూపించింది. 2020లో లాక్‌డౌన్ వేళ ఒడిశా ప్రభుత్వం పట్టణాలలో కూలి పని పథకం మొదలుపెట్టి, తరువాత దానికి ముక్తా అని పేరు పెట్టి, గుత్తేదార్లతో పని లేకుండా బస్తీ సంఘాలకూ మహిళా బృందాలకూ పనులు అప్పగించింది. కాలువ పూడికా తీశారు, కూలీ బస్తీకే దక్కింది.

ఆసుపత్రి దారిలో బండ్లు అడ్డుగా ఉంటే అంబులెన్సు నిలిచిపోతుందన్న మాట నిజమే. అక్కడ చోటు మార్చవలసిందే, కమిటీలో కూర్చుని మార్చాలి.

సందేశంలో చివరిగా, నేతవాళ్ళే మగ్గం వదిలేశారని ఒక వాక్యం ఉంది. బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు (ఈ ఊరి ప్రత్యేక సరుకని తెలిపే జీఐ ముద్ర) వచ్చిందని చెప్పి దానిని కొట్టిపారేద్దామనుకున్నాను. కానీ మొన్న మా ఇంటి పెళ్ళికి మేమూ కంచి పట్టే తెచ్చాము. ఆ ఒక్క మాటకు నా దగ్గర జవాబు లేదు.