అర పైస మునిమనవడు

కర్బన ఉద్గారాలకు కళ్లెం వేయాలన్న మాట ఎప్పుడు లేచినా, బాధ్యత తెలిసిన పెద్దమనుషులు ముందుగా అడిగేది ఒక్కటే: అయ్యే ఖర్చెంత, వచ్చే లాభమెంత? ఈ ప్రశ్న వినగానే చిరాకుపడే పర్యావరణ ప్రేమికులతో నాకు పొత్తు కుదరదు. అరకిలో బీరకాయల కోసం నాలుగు బండ్ల దగ్గర బేరమాడే జాతి మనది. అలాంటిది భూగోళాన్ని బేరమాడకుండా కాపాడేయడం మన సంస్కారానికి తగిన పని కాదు. పైగా ఖర్చు ఈనాటిది, రొక్కంగా చెల్లించవలసినది. దాన్ని భరించే ఫ్యాక్టరీ యజమానికి పేరుంది, ఫోన్ నంబరుంది, మంత్రిగారింట్లో కుర్చీ ఉంది. లాభం పొందవలసినవాడు ఇంకా పుట్టనే లేదు. వాడికి ఓటు లేదు, ఆధార్ లేదు, ధర్నా చౌక్‌కు దారి కూడా తెలియదు. ఇటువంటి ఇద్దరు కక్షిదారులను ఒకే త్రాసులో కూర్చోబెట్టి, ముల్లు ఎటు మొగ్గిందో చెప్పగల శాస్త్రం అర్థశాస్త్రం ఒక్కటే కనుక, దానికి నమస్కరించి ముందుకు పోదాం.

ఈ తూకం విద్యలో అమెరికా ప్రభుత్వానిది అందె వేసిన చెయ్యి. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిస్తే లోకానికి జరిగే నష్టం ఎంతో డాలర్లలో చెప్పే లెక్క ఒకటి వారి దగ్గర ఉంది. కార్బన్ సామాజిక వ్యయం అంటారు దాన్ని. ఒబామా హయాంలో ఆ ఖరీదు సుమారు 40 డాలర్లు. 2017లో ట్రంప్ వచ్చాక అది 1 నుంచి 7 డాలర్ల మధ్యకు దిగింది. 2021లో బైడెన్ గద్దెనెక్కి నెల తిరిగేసరికి 51కి లేచి, 2023 డిసెంబరులో అక్కడి పర్యావరణ సంస్థ చేతిలో 190 అయింది. 2025 జనవరి 20న ట్రంప్ రెండోసారి ప్రమాణం చేసి, అదే రోజున, ఆ లెక్కలు కట్టే బృందాన్నే రద్దు చేశారు. టన్ను అదే, వాయువు అదే. మదనపల్లె మార్కెట్లో టమాటా ధర పడి లేచినా ఎండో వానో ఒక సాకు చూపిస్తుంది. కర్బనానికి ఎన్నికలు తప్ప వేరే రుతువు లేదు.

దీన్ని పక్షపాతమనడం అజ్ఞానం. లెక్కలో రెండు మరలు ఉన్నాయి, ఎవరు ఎటు తిప్పుకుంటే అటు తిరుగుతాయి. మొదటిది సరిహద్దు. 2017 నాటి లెక్కలో అమెరికా గడ్డ మీద జరిగే నష్టాన్నే ముఖ్యంగా పరిగణించారు. ఆ ప్రకారం సముద్రమట్టం పెరిగి కోనసీమ కొబ్బరితోటలోకి ఉప్పునీరు ఎక్కితే అది నష్టం కాదు, ప్రకృతి దృశ్యం. డాలస్‌లో మనవాళ్ల ఇంటి ఏసీ బిల్లు పెరిగితే మాత్రం నష్టమే కనుక, తెలుగుజాతికి లెక్కలో బొత్తిగా చోటు దక్కలేదని వాపోనక్కరలేదు.

రెండో మర వడ్డీ. అసలు శాస్త్రమంతా ఇక్కడే ఉంది. వందేళ్ల తరువాత మన మునిమనవడికి కోటి రూపాయల నష్టం రాబోతోందనుకుందాం. దాన్ని తప్పించడానికి ఈరోజు ఎంత దాకా ఖర్చు పెడితే గిట్టుబాటు? వందేళ్ల చక్రవడ్డీని వెనక్కి తిప్పితే జవాబు వస్తుంది. 2006లో బ్రిటిష్ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చిన నికొలాస్ స్టెర్న్ వాడిన 1.4 శాతం చొప్పున చూస్తే 25 లక్షల దాకా పెట్టవచ్చు. బైడెన్ కాలపు 2 శాతానికి 13 లక్షల 80 వేలు. 3 శాతానికి 5 లక్షల 20 వేలు. ట్రంప్ కాలంలో ముందుకు తెచ్చిన 7 శాతానికి 11,500 రూపాయలు. అంటే ఒక మోస్తరు స్మార్ట్‌ఫోన్. మునిమనవడిని కాపాడటమా, ఫోన్ మార్చడమా అన్నది ఆ తరువాత ఎవరి ఇష్టం వారిది.

అయితే నా అభ్యంతరం ఏమిటంటే, ఈ విదేశీ మేధావులకు వడ్డీ అంటే ఏమిటో తెలియదు. ఏడు శాతమట! మా ఊళ్లో ఆ వడ్డీకి సొంత అల్లుడికి కూడా అప్పు పుట్టదు. నూటికి నెలకు రూపాయి, అంటే ఏడాదికి 12 శాతం, ధర్మవడ్డీ. రెండు రూపాయలు వాడుక వడ్డీ. ఆపైన అవతలివాడి అవసరాన్ని బట్టి. కాబట్టి తెలుగు నేలకు తగిన వాతావరణ అర్థశాస్త్రం రూపొందించాలన్న సంకల్పంతో, నలభై ఏళ్లుగా నోట్ల మీద డబ్బు తిప్పుతున్న ఒక పెద్దాయన అరుగెక్కాను. ఆయన గుడ్డసంచిలో రబ్బరు బ్యాండు వేసిన ప్రామిసరీ నోట్ల కట్ట, ఒక రెవెన్యూ స్టాంపుల రేకు, అంచులు నలిగిన పాకెట్ డైరీ ఉన్నాయి. నా కాలిక్యులేటర్ మీద ఆయన చెప్పిన రేట్లు కొట్టాను. ధర్మవడ్డీకి మునిమనవడి కోటి రూపాయలు ఈరోజు 120 రూపాయలైంది. రెండు రూపాయల వడ్డీకి అర పైసకన్నా తక్కువకు వచ్చింది. భూతాపం అనే సమస్య ఆ అరుగు మీద, అణాపైసలతో సహా, పరిష్కారమైపోయింది.

ఇంకా సందేహపడే పిరికివారి కోసం మరొక సంగతి. ఈ రంగంలో చేసిన కృషికి 2018లో నోబెల్ అందుకున్న విలియం నార్డ్‌హౌస్, 1991లో రాసిన ఒక వ్యాసంలో, అమెరికా ఉత్పత్తిలో సుమారు 87 శాతం వాతావరణ మార్పు పెద్దగా తాకని రంగాల నుంచే వస్తుందని, బాగా దెబ్బతినగల సేద్యం వంటివాటి వాటా 3 శాతమేనని లెక్క తేల్చారు. ఎంత ధైర్యమిచ్చే మాట! పంట మొత్తం పోయినా పోయేది 3 శాతం. మిగిలిన 97 శాతంతో, అనగా సాఫ్ట్‌వేర్‌తోను, బీమాతోను, న్యాయవాదుల ఫీజులతోను, కలిపి ఆవకాయ అన్నం తినవచ్చు. అన్నం ఒక్కటే తక్కువవుతుంది. తరువాతి కాలంలో ఆయన నమూనా ఖర్చుకు, లాభానికి సరిగ్గా పొత్తు కుదిరే దారి అని చూపించినది ఈ శతాబ్దాంతానికి సుమారు మూడున్నర డిగ్రీల వేడి దగ్గరకు చేరుతుంది. ఆయనకు నోబెల్ ప్రకటించినది 2018 అక్టోబరు 8న. ఒకటిన్నర డిగ్రీలు దాటితే ఏమవుతుందో హెచ్చరిస్తూ ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘం నివేదిక విడుదల చేసినదీ ఆనాడే. ఒకే రోజున పెళ్లిముహూర్తం, మైల రెండూ పడ్డట్టయింది గాని, పత్రికలు రెండింటినీ వేరువేరు పేజీల్లో వేసి మర్యాద కాపాడాయి.

ప్రాణాల ఖరీదు కట్టడంలోనూ శాస్త్రం మొహమాటపడదు. అదే సంఘం 1995 నివేదిక తయారవుతున్న రోజుల్లో, ధనిక దేశపు మనిషి ప్రాణానికి 15 లక్షల డాలర్లు, పేద దేశపు మనిషి ప్రాణానికి లక్షన్నర చొప్పున కట్టిన లెక్క బయటకు వచ్చి పెద్ద రగడ అయింది. పది మంది మనవాళ్లు పోతే గాని అక్కడి ఒక్కడితో తూగరన్నమాట. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే రెండు వేలకు పైగా మనుషులు వడగాడ్పులకు పోయారని ప్రభుత్వ లెక్కలు చెప్పాయి. పై మారకం ప్రకారం అది రెండు వందల చిల్లర. పోయినవారిలో ఎక్కువమంది కూలీలూ ముసలివారూ కనుక ఇంకా తగ్గించమని ఎవరూ అడగకపోవడం మన అర్థశాస్త్రం ఇంకా వెనుకబడి ఉందనడానికి నిదర్శనం.

ఇదంతా విన్న తరువాత పెద్దాయన ముక్కుపొడి పీల్చి ఒక ప్రశ్న వేశాడు. అనుభవజ్ఞులతో చిక్కే ఇది.

“సరే గాని అబ్బాయ్, ఆ అర పైస ఎవరి దగ్గర వేశారు?”

నాకు అర్థం కాలేదు. ఆయన విడమరిచి చెప్పాడు: ఈరోజు వేసిన అర పైస వందేళ్లకు కోటి అవుతుందన్నది నిజమే, కాని ఎవరో ఒకరు దాన్ని ముందు వేయాలి, వేసి ఎక్కడో తిరగనివ్వాలి, మునిమనవడి పేరన నోటు రాయించాలి. వేయకుండానే “ఇప్పటికది అర పైసే కదా” అని లేచిపోయేవాణ్ని మా ఊళ్లో అర్థశాస్త్రజ్ఞుడనరు. గ్లాస్గోలో 2021లో మన దేశం 2070 నాటికి ఉద్గారాలను నికర శూన్యానికి తెస్తానని మాటిచ్చిందని కూడా చెప్పాను. ఆయన డైరీ మూసి, “మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది. మధ్యలో వెనక చెల్లు ఏమన్నా రాయించారా?” అన్నాడు.

రాయించామని గర్వంగా చెప్పబోయాను. ఎందుకంటే 2010లో మన కేంద్ర ప్రభుత్వం బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల చొప్పున స్వచ్ఛ ఇంధన సెస్సు వేసింది. అది 2014లో 100, 2015లో 200, 2016లో 400 అయింది. కొత్తగూడెం బొగ్గైనా, తాల్చేరు బొగ్గైనా ఒకటే రేటు. లోకంలో చాలా దేశాలు కర్బనం మీద పన్ను గురించి సదస్సులు పెట్టుకుంటున్న రోజుల్లో మనం వసూలు చేసి చూపించాం. 2017–18 దాకా వచ్చినది దాదాపు 86 వేల కోట్లు. అందులో స్వచ్ఛ ఇంధన నిధికి చేరినది 30 వేల కోట్లలోపు, ఖర్చయినది 16 వేల కోట్లలోపు. 2017లో జీఎస్టీ రాగానే అదే 400 రూపాయలు రాష్ట్రాలకు పన్ను నష్టపరిహారమనే కొత్త పేరు పెట్టుకున్నాయి. 2025 సెప్టెంబరులో సెస్సునే తీసేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. చౌకరకం బొగ్గు మీద మొత్తం భారం దానివల్ల తగ్గింది కూడా. మునిమనవడి పేరన వేసిన చీటీ పాటను పెద్దన్నయ్య పాడుకుని ఇంటి పన్నులు కట్టుకున్నట్టు జరిగిందని, ఇందులో దురుద్దేశం ఏమీ లేదని, కుటుంబంలో ఇటువంటివి సహజమని నచ్చజెప్పాను. పెద్దాయన ఏమీ అనలేదు. నోట్ల కట్టకు రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిప్పి సంచిలో పెట్టుకున్నాడు.

అయినా ప్రభుత్వం తరఫున ఒక న్యాయమైన వాదన మిగిలే ఉంది. బాకీ అర పైస. మన దేశంలో పావలా, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. చెల్లించాలన్న చిత్తశుద్ధి ఎంత ఉన్నా చిల్లర లేదు. చిల్లర లేనప్పుడు కిరాణా కొట్టులో చేసేదే ఇక్కడా చేసి, మునిమనవడి చేతిలో ఒక చాక్లెట్ పెడదామని ఆర్థిక శాఖకు నివేదించుకోబోయాను. తీరా చూస్తే, ఘనాలోను ఐవరీ కోస్ట్‌లోను వాతావరణం తిరగబడి, తెగుళ్లు తోడై, 2024లో టన్ను కోకో ధర 10 వేల డాలర్లు దాటింది. ఏలూరు వైపు కొబ్బరిచెట్ల నీడన కోకో వేసిన రైతులు కొన్నాళ్లు తలెత్తుకు తిరిగారు. కంగారు పడవలసినదేమీ లేదు. అది ఆ 3 శాతంలోదే.